ఇల్లు ఒకరికిస్తే ఉంటున్నది మరొకరు: అనుమతి లేని నివాసితుల విషయంలో చట్టం నడిచే తీరు

క్లుప్తంగా

అద్దె ఇంట్లో ఓనరుకు తెలియని మనిషి కాపురం ఉన్నంతమాత్రాన చట్టం అతన్ని ఆక్రమణదారుగా చూడదు. అతను ఎవరి ద్వారా లోపలికి వచ్చాడన్నదాన్ని బట్టి ఏ కోర్టుకు వెళ్లాలి, ఏ నోటీసు ఇవ్వాలి, కోర్టు ఫీజు ఎంత అన్నవి మారిపోతాయి. విషయం తెలిశాక కూడా తీసుకున్న ఒక నెల అద్దె, కిరాయిదారుతో రాజీపడి తీసుకున్న తాళంచెవి, కోపంలో పీకేసిన కరెంటు ఫ్యూజు: గెలవాల్సిన కేసులు చేజారేది ఈ మూడు చోట్లే.

విషయం బయటపడే తీరు

ఓనరుకు సంగతి తెలిసే దారులు దాదాపు ఒకేలా ఉంటాయి. అద్దె డబ్బు ఎప్పుడూ వచ్చే ఖాతా నుంచి కాకుండా వేరే నంబరు నుంచి పడుతుంది. కుటుంబానికని ఇచ్చిన ఫ్లాటులోకి రెండంతస్తుల మంచాలు దిగుతాయి. లేదా వాచ్‌మన్ మాటల మధ్యలో కొత్త పేరు చెబుతాడు. ఫోన్ చేస్తే అసలు కిరాయిదారు "మా బావమరిది అండీ, నాలుగు రోజులుండి వెళ్తాడు" అంటాడు. ఆ నాలుగు రోజులు ఎనిమిది నెలలయ్యాక ఓనరు వకీలు దగ్గరికి వెళ్తాడు. ఆ ఎనిమిది నెలల్లో ఓనరు ఏం చేశాడు, ఏం చేయకుండా ఊరుకున్నాడు అన్నదే తర్వాత కోర్టులో ప్రధానాంశం అవుతుంది.

ఎవరి ద్వారా వచ్చారన్నదే అసలు ప్రశ్న

ఇంట్లో కనిపిస్తున్న మనిషి ఉప కిరాయిదారు కావచ్చు, అంటే అసలు కిరాయిదారుకు డబ్బు కడుతూ ఉంటున్నవాడు. డబ్బు లేకుండా ఉంటున్న చుట్టం లేదా స్నేహితుడు కావచ్చు. కిరాయిదారు చనిపోయాకో, వదిలేసి వెళ్లాకో మిగిలిన భార్యాపిల్లలు కావచ్చు. ఓనరే పెట్టుకున్న కేర్‌టేకర్ కావచ్చు. ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి దూరినవాడూ కావచ్చు. బయటి నుంచి చూస్తే అందరూ ఒక్కటే. చట్టం మాత్రం ఒక్కొక్కరినీ ఒక్కో గుమ్మం నుంచి బయటికి పంపుతుంది.

ఈ తేడా ఖర్చులోనూ కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో 1956 నాటి కోర్టు ఫీజులు, దావాల విలువ నిర్ధారణ చట్టం ప్రకారం కిరాయిదారు నుంచి ఇల్లు తిరిగి పొందే దావాకు ఫీజును ఏడాది అద్దె ఆధారంగా లెక్కిస్తారు. ముందుగా ప్రీమియం, అంటే లీజు ఇచ్చినందుకు ఒక్కమొత్తంగా తీసుకునే డబ్బు, ఏమైనా తీసుకుని ఉంటే అదీ కలుస్తుంది. హక్కు ఆధారంగా ఆక్రమణదారుపై వేసే దావాకైతే ఆస్తి మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతులే లెక్క. ఉదాహరణకు నెలకు 20,000 అద్దె వచ్చే 60 లక్షల ఫ్లాటు తీసుకుంటే, మొదటి దావా విలువ 2.40 లక్షలు, రెండోదాని విలువ 45 లక్షలు. కిరాయిదారు ద్వారా వచ్చిన మనిషిని కోపం కొద్దీ "కబ్జాదారు" అని రాసిన దావా అనవసరంగా ఖరీదైన బాట పడుతుంది. పైగా తాను కిరాయి సంబంధం ద్వారా వచ్చానని అతను రుజువు చేసుకుంటే ఆ దావా పునాదే కదులుతుంది.

ఏ చట్టం వర్తిస్తుంది: 3,500 రూపాయల గీత

తెలంగాణలో రెండు దారులున్నాయి. ఒకటి 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం. దీని కింద కేసు రెంట్ కంట్రోలర్ ముందుకు వెళ్తుంది. రెండోది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఇక్కడ సివిల్ కోర్టులో మామూలు దావా వేయాలి. రెంటినీ వేరుచేసే గీత 2005 సవరణతో వచ్చింది. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటితే రెంట్ కంట్రోల్ వర్తించదు. కట్టడం పూర్తయిన 15 ఏళ్ల వరకు కూడా వర్తించదు. ఇరవై ఏళ్లుగా ఆ అంకెలు కదలలేదు కాబట్టి నగరంలో ఈరోజు అద్దెకిచ్చే ఇళ్లలో చాలామటుకు సివిల్ కోర్టు పరిధిలోకే వస్తాయి. పాత బజార్లలో తక్కువ అద్దెతో తరాలుగా నడుస్తున్న దుకాణాలు మాత్రం ఇంకా రెంట్ కంట్రోలర్ చేతిలోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర కిరాయిల కోసం విడిగా కొత్త చట్టం చేసుకుంది. అక్కడ ఆస్తి ఉన్నవారు ముందుగా దాన్ని చూసుకోవాలి.

ఓనర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1960 చట్టంలో కిరాయిదారు ఓనరు రాతపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని పూర్తిగా గానీ, కొంత భాగం గానీ మరొకరికి అద్దెకిస్తే, లీజు అతనికి ఆ హక్కు ఇచ్చి ఉండకపోతే, సెక్షన్ 10(2)(ii) కింద అదొక్కటే ఖాళీ చేయించడానికి చాలిన కారణం. ఆస్తి బదిలీ చట్టం సరిగ్గా తిరగేసి చెబుతుంది. సెక్షన్ 108(జె) ప్రకారం ఒప్పందంలో వద్దని లేకపోతే కిరాయిదారు ఉప కిరాయికి ఇచ్చుకోవచ్చు. అంటే నెలకు 3,000 వచ్చే పాత పోర్షన్‌కు చట్టమే కాపలా ఉంటుంది. నెలకు 30,000 వచ్చే ఫ్లాటుకు కాపలా ఉండాల్సింది ఒప్పందంలోని ఒక వాక్యం. ఆ వాక్యం లేకపోతే "నన్ను అడగకుండా ఇచ్చాడు" అన్న ఫిర్యాదుకు కోర్టులో విలువ ఉండదు.

ఆ వాక్యం ఉన్నా సరిపోదు, అది కోర్టులో చెల్లాలి. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మూడేళ్ల లీజును స్టాంపు కాగితం మీద రాసుకుని సంతకాలతో సరిపెట్టుకుంటే అందులోని షరతులను అమలు చేయమని అడగలేరు. 2008లో సుప్రీంకోర్టు కె.బి. సాహా అండ్ సన్స్ కేసులో తేల్చింది ఇదే. ఫలానా అధికారి కుటుంబమే ఉండాలని రాసుకున్న ఫ్లాటులో వేరే అధికారి చేరాడు. ఓనరు దావా వేశాడు. లీజు రిజిస్టర్ కాలేదు కాబట్టి ఆ షరతును ఆధారం చేసుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. రిజిస్టర్ కాని పత్రాన్ని అనుబంధ విషయాలకు, అంటే స్వాధీనం ఏ రకంగా వచ్చిందో చూపడానికి వాడొచ్చు గానీ, ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్నది లీజులో ముఖ్యమైన షరతే తప్ప అనుబంధ విషయం కాదు. అందరూ 11 నెలల ఒప్పందం రాసుకునేది ఈ రిజిస్ట్రేషన్‌ను తప్పించుకోవడానికే.  కానీ 11 నెలలు దాటాక కొత్త కాగితం రాసుకోకుండా ఏళ్లు గడిపేసిన ఓనరు, ఉప కిరాయి వద్దన్న షరతు ఇంకా బతికే ఉందా అన్న వాదనకు తానే తావిచ్చినవాడవుతాడు.

ఉప కిరాయి అని తేల్చడం ఎలా

కోర్టులు రెండు అంశాలు చూస్తాయి. మూడో మనిషి చేతికి ఇల్లు లేదా అందులో కొంత భాగం పూర్తిగా వెళ్లిపోయిందా, అంటే అసలు కిరాయిదారు ఆ చోటుపై పట్టు వదులుకున్నాడా అన్నది మొదటిది. దానికి ప్రతిఫలం ముట్టిందా అన్నది రెండోది. కిరాయిదారు తన గదిలో తాను ఉంటూ తమ్ముణ్ని తెచ్చి పెట్టుకుంటే మొదటి అంశమే లేదు. కుటుంబసభ్యులు, అతిథులు, పనివాళ్లు ఎంతమంది ఉన్నా వారు ఉప కిరాయిదారులు కారు.

ప్రతిఫలం రుజువు చేయడం ఓనరు వల్ల అయ్యే పని కాదు. ఆ లావాదేవీ గుట్టుగా జరుగుతుంది, రశీదు ఉండదు. అందుకే 1998లో భారత్ సేల్స్ కేసులో, 2009లో సెలీనా కొయెల్హో పెరీరా కేసులో సుప్రీంకోర్టు ఓనరుకు కొంత వెసులుబాటు ఇచ్చింది. మూడో మనిషి ఒక్కడే ఆ చోటును అనుభవిస్తున్నాడని ఓనరు చూపితే చాలు, అతను ఏ హోదాలో ఉన్నాడో వివరించే బరువు కిరాయిదారు మీదికి వెళ్తుంది. సంతృప్తికరమైన వివరణ రాకపోతే డబ్బు చేతులు మారిందని కోర్టు ఊహించుకోవచ్చు. దుకాణాల్లో దీనికి పాత విరుగుడు ఒకటుంది. కొత్తగా వచ్చినవాడితో భాగస్వామ్య పత్రం రాసుకుని "వీడు నా పార్ట్‌నర్" అనడం. భాగస్వామ్యం నిజమైనదై, కిరాయిదారు కూడా వ్యాపారంలో ఉంటే అది ఉప కిరాయి కాదు. కాగితం తెరగా మాత్రమే ఉంటే కోర్టు తెర తీసి చూస్తుంది: గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటున్నారు, బ్యాంకు ఖాతాపై ఎవరి సంతకం, నష్టం వస్తే ఎవరు భరిస్తారు.

సాక్ష్యంగా కరెంటు బిల్లు పనికిరాదు, అది సాధారణంగా ఓనరు పేరు మీదే ఉంటుంది. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. వ్యాపారమైతే జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ ప్రధాన వ్యాపార స్థలం చిరునామా ఎవరైనా చూడొచ్చు. ట్రేడ్ లైసెన్సు, బయటి బోర్డు ఫొటోలు కూడా సాయపడతాయి. నివాసమైతే ఓటర్ల జాబితా, గ్యాస్ కనెక్షన్ చిరునామా, అపార్టుమెంటు సంఘం పెట్టుకున్న వాహనాల నమోదు, గేటు రిజిస్టరు, నిర్వహణ రుసుము ఎవరి ఖాతా నుంచి పడుతోందన్న వివరం. ఇవన్నీ దావాకు ముందే సేకరించాలి. ఎవరు స్వాధీనంలో ఉన్నారో తేల్చడానికి అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసి నివేదిక ఇచ్చే వకీలును, పంపమంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. సాక్ష్యం పోగుచేసి పెట్టడం కోర్టు పని కాదన్నది వాటి వైఖరి. గోడలు కొట్టి గదులు మార్చారా, ఒక పోర్షన్‌ను రెండు చేశారా వంటి భౌతిక మార్పులు నమోదు చేయించడానికైతే కమిషనర్‌ను అడగవచ్చు.

తెలిసీ తీసుకున్న అద్దె

షరతు ఉల్లంఘన జరిగిందని తెలిశాక, ఆ తర్వాతి కాలానికి చెందిన అద్దెను ఓనరు తీసుకుంటే ఉల్లంఘనను క్షమించినట్లే అని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 112 చెబుతుంది. దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఉల్లంఘన సంగతి ఓనరుకు తెలియకపోతే క్షమించినట్లు కాదు. ఆ కారణంతో దావా వేశాక తీసుకున్న అద్దె కూడా క్షమాపణ కాదు. ప్రమాదమంతా తెలిసిన రోజుకూ దావా వేసిన రోజుకూ మధ్యనే ఉంది. యూపీఐ వచ్చాక ఇది ఇంకా జారుడు బండైంది. ఓనరు చేయి చాచకపోయినా డబ్బు ఖాతాలో పడిపోతుంది. అలాంటప్పుడు ఊరుకోకుండా మొత్తాన్ని వెంటనే తిప్పి పంపడం గానీ, ఏ కాలానికి ఏ హోదాలో జమ చేసుకుంటున్నారో, హక్కులేవీ వదులుకోవడం లేదని అదే రోజు రాతపూర్వకంగా తెలపడం గానీ చేయాలి.

డబ్బు పంపింది ఉప కిరాయిదారే అయితే చిక్కు మరింత పెద్దది. అతని పేరుతో ఒక్క రశీదు ఇచ్చినా, వరసగా నాలుగు నెలలు అతని ఖాతా నుంచి అద్దె తీసుకున్నా, "నేను నేరుగా ఓనరుకే కిరాయిదారును" అనే వాదనకు ఓనరే పత్రం రాసిచ్చినట్లవుతుంది. గడువు ముగిసిన లీజులో అద్దె తీసుకుంటే సెక్షన్ 116 ప్రకారం అది నెలవారీ లీజుగా సాగుతుంది. నోటీసు ఇచ్చాక తీసుకుంటే, లీజు కొనసాగించే ఉద్దేశం కనిపించిన పక్షంలో సెక్షన్ 113 కింద ఆ నోటీసునే వదులుకున్నట్లు కావచ్చు.

రాజీపడి తీసుకున్న తాళంచెవి

ఆస్తి బదిలీ చట్టంలో పెద్దగా ఎవరూ చెప్పని సెక్షన్ 115 గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కిరాయిదారు తనంతట తాను లీజు వదులుకుంటే, అంతకు ముందే అతను ఇచ్చిన ఉప కిరాయికి భంగం కలగదు. అద్దె మొత్తం తప్ప మిగతా షరతులు దాదాపు ఒకేలా ఉన్నట్లయితే ఉప కిరాయిదారు ఆ తర్వాత నేరుగా ఓనరుకు అద్దె కట్టవలసినవాడవుతాడు. అదే షరతు ఉల్లంఘన వల్ల లీజు రద్దయితే దాని కింద పుట్టిన ఉప కిరాయిలన్నీ దానితో పాటే పోతాయి.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. "గొడవెందుకు, నువ్వు తాళం ఇచ్చేసి అడ్వాన్సు తీసుకెళ్లు, వాడి సంగతి నేను చూసుకుంటాను" అని పెద్దమనిషి తరహాలో సర్దుకున్న ఓనరు, వదిలించుకోవాలనుకున్న మనిషినే కిరాయిదారుగా నెత్తికెత్తుకునే అవకాశం ఉంది. ఇల్లు పూర్తిగా ఖాళీ అయ్యాకే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని, వదులుకునే పత్రంలో ఉప కిరాయిదారు చేత కూడా సంతకం చేయించాలని అనుభవమున్న వకీళ్లు పట్టుబట్టేది ఇందుకే.

కరెంటు, నీళ్లు, తాళం, పోలీసు

కిరాయిదారు లేని సమయం చూసి తాళం మార్చడం, మోటారు ఆపేయడం, ఫ్యూజు తీసేయడం వేగంగా పనయ్యే మార్గాల్లా కనిపిస్తాయి. చట్టంలో వాటి ఫలితం రివర్స్‌లో ఉంటుంది. నిర్దిష్ట పరిహార చట్టం, 1963లోని సెక్షన్ 6 ప్రకారం చట్టప్రకారం కాకుండా బయటికి గెంటబడిన ఎవరైనా ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. నిన్నటిదాకా ఎవరు ఉన్నారు, ఎలా బయటికి పంపారు అన్నవే చూస్తారు. తీర్పుపై అప్పీలు లేదు. అద్దె నియంత్రణ చట్టం కూడా సౌకర్యాలు ఆపడాన్ని నిషేధిస్తుంది. విద్యుత్తు మౌలిక సౌకర్యమని, ఓనరు అభ్యంతరం చెప్పాడన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించరాదని 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తాళం పగలగొట్టి దూరినవాడి విషయంలోనూ ఓనరుకు ఉన్న వెసులుబాటు కాలంతో కరిగిపోతుంది. ఇప్పుడే దూరి ఇంకా కుదురుకోని వాడిని అడ్డుకోవచ్చు, అవసరమైనంత బలం వాడొచ్చు. ఓనరుకు తెలిసీ కొంతకాలం స్థిరంగా ఉండిపోయినవాడిని కోర్టు ద్వారా తప్ప కదల్చరాదని 2003లో రామే గౌడ కేసు చెబుతుంది. ఎన్ని రోజులకు స్థిరపడినట్లు అన్నదానికి లెక్క లేదు. కాబట్టి ఖాళీ ఇంటి తాళం మారిందని తెలిసిన రోజునే ఫిర్యాదు, ఫొటోలు, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు సిద్ధం కావాలి.

పోలీసులు "ఇది సివిల్ వివాదం" అని తిప్పి పంపడంపై ఓనర్లకు కోపం ఎక్కువ. అందులో కొంత న్యాయం ఉన్నా, పోలీసుల వైపు కూడా కారణముంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద నేరపూరిత ప్రవేశం అనాలంటే నేరం చేసే, బెదిరించే, అవమానించే, వేధించే ఉద్దేశం కనిపించాలి. కిరాయిదారు ఇచ్చిన తాళంచెవితో లోపలికి వచ్చినవాడిలో ఆ ఉద్దేశం చూపడం కష్టం. తాళం పగలడం, ఫోర్జరీ చేసిన అద్దె ఒప్పందం, బెదిరింపులు ఉంటే మాత్రం అది సివిల్ వివాదంతో ఆగదు, ఫిర్యాదులో ఆ అంశాలను విడివిడిగా, తేదీలతో రాయాలి. స్వాధీనంపై ఘర్షణ శాంతిభద్రతల దాకా వచ్చినప్పుడు నాగరిక సురక్ష సంహిత సెక్షన్ 164 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే దారి ఉంది. అక్కడ పోలీసు నివేదికకు, మేజిస్ట్రేటుకు సమాచారం అందిన తేదీకి ముందు రెండు నెలల్లోపు బలవంతంగా తప్పించిన వ్యక్తిని ఇంకా స్వాధీనంలో ఉన్నట్లే పరిగణించవచ్చు. నెలల తరబడి ఎదురుచూసిన ఓనరుకు ఆ దారి మూసుకుపోతుంది.

నోటీసు నుంచి దావా దాకా

నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. వ్యవసాయ, తయారీ అవసరాల లీజులకు ఆరు నెలలు కావాలి. గడువు నోటీసు చేతికందిన రోజు నుంచి మొదలవుతుంది. 2002 సవరణకు ముందు "నెలాఖరుతో ముగియలేదు" వంటి లెక్కలతో కేసులు కొట్టేసేవారు. ఇప్పుడు నోటీసులో గడువు తక్కువ రాసినా, చట్టం చెప్పిన గడువు దాటాకే దావా వేసి ఉంటే నోటీసు చెల్లుతుంది. నోటీసు రాతలో ఉండి సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, స్వయంగా గానీ ఇంట్లోని కుటుంబసభ్యుడికి, పనివాడికి గానీ ఇవ్వవచ్చు, అదీ కుదరకపోతే తలుపు మీద అతికించవచ్చు. మూడూ చేసి ఫొటో తీసి పెట్టుకుంటే నోటీసు అందలేదన్న వాదన నిలవదు.

నోటీసు అసలు కిరాయిదారుకే వెళ్లాలి. ప్రతి ఉప కిరాయిదారుకూ ఒక నకలు పంపవచ్చు గానీ, అతన్ని "మా కిరాయిదారు" అని సంబోధించకూడదు. షరతు ఉల్లంఘన ఆధారంగా లీజు రద్దు చేస్తున్నట్లయితే ఏ షరతు, ఎప్పుడు, ఎలా ఉల్లంఘించారో రాయాలి. ఒప్పందంలో ఉల్లంఘిస్తే తిరిగి స్వాధీనం చేసుకుంటామన్న మాట ఉన్నప్పుడే ఈ మార్గం తెరుచుకుంటుంది. మామూలు షరతుల ఉల్లంఘనకు సెక్షన్ 114ఎ కింద తప్పు సరిదిద్దుకునే గడువు ఇవ్వాలి. ఉప కిరాయి వద్దన్న స్పష్టమైన షరతుకు మాత్రం ఆ గడువు ఇవ్వక్కర్లేదు. ఆచరణలో వకీళ్లు రెండు కారణాలూ ఒకే నోటీసులో పెడతారు: ఉల్లంఘన వల్ల రద్దు, అది నిలవకపోయినా 15 రోజుల నోటీసుతో ముగింపు. నెలవారీ కిరాయికి రెండోది ఏ కారణమూ అడగదు.

నోటీసుతో పాటే కేవియట్, అంటే తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే అర్జీ, వేయడం మేలు. నోటీసు అందగానే కిరాయిదారు మరో కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి ఓనరుకు చెప్పకుండా స్టే తెచ్చుకోవడం పరిపాటి. కేవియట్ 90 రోజులు పనిచేస్తుంది. "చట్టప్రకారమే ఖాళీ చేయిస్తాం" అని ఓనరు హామీ ఇస్తే అలాంటి దావాలు చాలావరకు అక్కడితో చల్లబడతాయి.

దావాలో ఉప కిరాయిదారును చేర్చాలా? అతను తప్పనిసరి పక్షం కాదని, చేర్చదగిన పక్షమేనని సుప్రీంకోర్టు 1950ల తొలినాళ్ల నుంచీ చెబుతోంది. కిరాయిదారుపై వచ్చిన డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, అతనికీ వర్తిస్తుంది. అయినా పేరు తెలిస్తే చేర్చడమే మంచిది. లేకపోతే అతను డిక్రీ అమలు రోజున తొలిసారి నోరు విప్పుతాడు. స్వాధీనంతో పాటు, హక్కు లేకుండా అనుభవించిన కాలానికి నష్టపరిహారం, అంటే మెస్నే ప్రాఫిట్స్, అదే దావాలో అడగాలి. దీన్ని పాత అద్దె లెక్కన కాకుండా మార్కెట్ అద్దె లెక్కన కోరవచ్చు. కిరాయిదారు అప్పీలు చేసి స్టే అడిగినా మార్కెట్ అద్దె కట్టమని షరతు పెట్టవచ్చని 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసు చెప్పింది. కాలయాపనకు ధర పడేది అక్కడే.

డిక్రీ తర్వాత

డిక్రీ చేతికొచ్చిన రోజున ఇంట్లో మూడో పేరు ప్రత్యక్షం కావడం కొత్తేమీ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 35 కింద డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనా, డిక్రీకి కట్టుబడినవారిని బయటికి పంపవచ్చు, అవసరమైతే తాళం పగలగొట్టే అధికారమూ ఉంది. అడ్డొచ్చినవాడు తనకు వేరే హక్కుందంటే రూల్ 97 కింద ఓనరు దరఖాస్తు వేయాలి. దీనికి అడ్డంకి ఎదురైన నాటి నుంచి 30 రోజులే గడువు. ఆ హక్కు సంగతి డిక్రీ అమలు చేసే ఎగ్జిక్యూషన్ కోర్టే తేలుస్తుంది, విడిగా దావా అక్కర్లేదు. దావా నడుస్తుండగా కిరాయిదారు నుంచి ఇల్లు తీసుకున్నవాడైతే రూల్ 102 ప్రకారం అతనికి అడ్డుపడే హక్కే లేదు. అందుకే దావా వేసిన వారంలో ఇంట్లో ఎవరెవరున్నారో తేదీతో నమోదు చేసుకున్న ఓనరు, ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త ముఖాన్ని ఒక్క కాగితంతో ఎదుర్కోగలడు. ఎగ్జిక్యూషన్ పిటిషన్లు ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆలస్యమైతే కారణాలు నమోదు చేయాలి.

కేర్‌టేకర్, కిరాయిదారు కుటుంబం

కేర్‌టేకర్, వాచ్‌మన్, పనివాడు ఎన్నేళ్లు ఉన్నా ఆ ఇంటిపై హక్కు పుట్టదని 2012లో మరియా మార్గరీడా కేసు చెప్పింది. వారు ఓనరు తరఫునే ఉన్నట్లు లెక్క. అనుమతి రద్దు చేసి, వెళ్లడానికి సమంజసమైన సమయం ఇస్తే చాలు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు సొంతమైపోతుందన్న ప్రచారం కిరాయిదారుల విషయంలోనూ తప్పే. అనుమతితో వచ్చిన స్వాధీనం ప్రతికూల స్వాధీనం, అంటే ఓనరు హక్కును కాదంటూ ఏళ్ల తరబడి సాగించే స్వాధీనం, కాదు. కిరాయిదారుగా లోపలికి వచ్చినవాడు, కిరాయి మొదలైన నాటి ఓనరు హక్కును ఆ కిరాయి సాగుతుండగా కాదనలేడు.

కుటుంబం సంగతి అలా కాదు. 1960 చట్టం వర్తించే నివాస గృహంలో కిరాయిదారు చనిపోతే, అతనితో అదే ఇంట్లో కుటుంబంగా ఉన్న భార్య లేదా భర్త, కొడుకు, కూతురు కూడా కిరాయిదారులే. భర్త వదిలేసి వెళ్లిన భార్య, ఆ కిరాయి ఇంటిపై వచ్చిన ఖాళీ చేయింపు కేసులో తన వాదన వినిపించవచ్చని 2005లో అచల ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆమెను "అనుమతి లేని నివాసి"గా నోటీసులో రాయడం చట్టపరంగానూ తప్పటడుగే.

ఒప్పందంలో ఉండాల్సిన మాటలు

ఉప కిరాయి వద్దన్న ఒక్క పదం చాలదు. ఉండబోయేవారి పేర్లు, సంబంధం, గరిష్ఠ సంఖ్య, అతిథి వరసగా ఎన్ని రోజులు ఉండవచ్చు, పేయింగ్ గెస్టులకు, రోజువారీ బసకు ఇవ్వకూడదన్న మాట, ఉల్లంఘిస్తే తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు, అద్దె ఏ ఖాతా నుంచి రావాలి, వేరే ఖాతా నుంచి వచ్చిన డబ్బు కొత్త కిరాయి సంబంధం కాదన్న వాక్యం, ముందస్తు సమాచారంతో తనిఖీ హక్కు. వీటిలో తనిఖీ హక్కునే ఓనర్లు ఎక్కువగా మరిచిపోతారు. దాన్ని వాడుకున్నప్పుడే మిగతావాటికి బలం.

2021 జూన్ 2న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ఈ దిశలోనే ఆలోచించింది. అనుబంధ ఒప్పందం లేకుండా ఉప కిరాయి కుదరదు, కుదిరితే రెండు నెలల్లో రెంట్ అథారిటీకి ఉమ్మడిగా తెలియజేయాలి. తనిఖీకి 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. గడువు దాటినా కదలకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగు రెట్లు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం స్వీకరిస్తేనే అమల్లోకి వస్తుంది. అంతదాకా 30,000 రూపాయల ఫ్లాటులో ఎవరుండాలన్నది తేల్చేది ఓనరు సంతకం చేసిన ఆ రెండు పేజీల కాగితం, ఆ తర్వాత ప్రతి నెలా ఆయన ఖాతాలో ఎవరి పేరుతో డబ్బు పడిందన్న వివరం.